‘మా అవ్వ అన్నది’

‘అట’ అనే రెండక్షరాల మీద నాకు ఒకప్పుడు పగ ఉండేది. కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినన్నాళ్లూ, వాళ్ల వ్యాసాల్లో ఆ మాట ఎక్కడ కనబడ్డా ఎర్ర కలంతో కొట్టేసేవాణ్ణి. “అట అంటే గాలివార్త. వ్యాసం రాసేవాడు తనకు తెలిసింది రాయాలి. ఎవరో చెప్పారని నసగకూడదు” అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కూడా కాదు.

మా వైపు మనుషులకు ఆ రెండక్షరాలు లేకపోతే నోరు పెగలదు. పక్కింటి బర్రె ఈనితే, కళ్లారా చూసినవాడు ‘ఈనింది’ అంటాడు. విన్నవాడు ‘ఈనిందట’ అంటాడు. “ఎవలు చెప్పిండ్రు?” అని అడిగితే చెప్పిన మనిషి పేరు, ఇల్లు, ఎప్పుడు చెప్పిందీ అన్నీ వస్తాయి. పుకారుకు కూడా యజమానిని చూపించే జనం మాది. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు నేను ఆ అలవాటు మాన్పించాను. నెలనెలా జీతం తీసుకుని మాన్పించాను.

నేనెలా నేర్చుకున్నానో కూడా చెప్పాలి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతబడ్డ ఏడాది నేను కాలేజీలో చదువుతున్నాను. పాఠాలు లేవు. ఒక సీనియర్ దగ్గర నోట్సు తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చేత్తో ఎక్కించుకున్నాను. ఆ సీనియర్ దాన్ని ఇంకొకరి దగ్గర ఎక్కించుకున్నాడు. కాలేజీ తెరిచాక మా సారు వచ్చి కళ్లు మూసుకుని చెప్పింది కూడా సరిగ్గా ఆ నోట్సే, కామాలతో సహా. అది మొదట ఎవరు ఆలోచించారో మా సారుకూ తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాసినవాడికి ఫస్టు క్లాసు. ఒక వాక్యం తనది కలిపినవాడికి “సొంత పైత్యం రాయకు” అని చీవాట్లు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఆ ఫస్టు క్లాసే నాకు ఉద్యోగం ఇచ్చింది.

ఎనభైల మధ్యలో నా క్లాసులోకి ఒక అమ్మాయి వచ్చింది. ఊరు లక్సెట్టిపేట దగ్గర, గోదావరికి అవతల. కరీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. తండ్రి దుబాయి పోయి ఎన్నో ఏళ్లయింది. తల్లి ఉన్న కొద్దిపాటి భూమి చూసుకుంటూ, మిగతా వేళల్లో బీడీలు చేసేది. పిల్ల క్లాసులో మాట్లాడేది కాదు. అడిగితే లేచి నిలబడి, చెప్పాల్సింది ఒక్క వాక్యంలో చెప్పి కూర్చునేది. నాకు అలాంటి పిల్లలంటే ఇష్టం, పని తక్కువ కాబట్టి.

ఆ వానాకాలం నేను ‘మన ప్రాంతపు సమస్య’ మీద వ్యాసం రాసి తెమ్మన్నాను. అందరూ కరువు మీద, నిరుద్యోగం మీద, బజార్లో దొరికే గైడుల్లోంచి దించుకొచ్చారు. నలభై వ్యాసాల్లో ఒకే పొద్దు పొడిచింది, ఒకే రైతు కన్నీరు కార్చాడు. ఈ అమ్మాయి ఒక్కతే దుబాయి వలసల మీద రాసింది. చదువుతుంటే మొదట నాకు నవ్వొచ్చింది, ప్రతి రెండో వాక్యానికి ‘అట’ ఉంది. ‘ఎండాకాలం అక్కడ మధ్యాహ్నం ఇనుము ముట్టుకుంటే చేయి కాలుతదట, మా బాపు క్యాసెట్ల చెప్పిండు.’ ‘ఉత్తరం కన్న క్యాసెట్ నయమట, ఏడుపు వినవస్తదని మా మేనత్త అన్నది.’ పుస్తకంలోంచి తీసుకున్న చోట పుస్తకం పేరు, పేజీ నంబరు వేసింది. మనుషుల దగ్గర తీసుకున్న చోట మనిషినీ, చోటునూ, రోజునూ వేసింది.

ఇవన్నీ కొట్టుకుంటూ పోయి మూడో పేజీలో ఒక పేరా దగ్గర ఆగిపోయాను. తండ్రి ఏడాదికి రెండు మూడు సార్లు తన మాటలు క్యాసెట్లో నింపి పంపుతాడు. అందులో ‘బర్రె ఈనిందా’ అని అడుగుతాడు. బర్రె చచ్చి ఆరేళ్లు. ‘చిన్నదాన్ని బాయి కాడికి పోనియ్యకు’ అని జాగ్రత్త చెబుతాడు. చిన్నది డిగ్రీ చదువుతోంది, బావి పూడిపోయింది. ఆ క్యాసెట్ వింటూ తల్లి, మా వైపు మాటలో అవ్వ, అన్న మాటను అమ్మాయి ఉన్నదున్నట్టు రాసింది. ‘దేశం పోయింది ఆయిన గాదు. ఆయిన పోయిన దినం కాన్నే నిలవడ్డడు. మేమే ఆయినకు దూరం పోయినం — అని మా అవ్వ అన్నది, మొన్న ఆదివారం, ఇంటి ముందట బీడీలు చేసుకుంట.’

నేను కుర్చీలో వెనక్కి వాలి ఆ పేరా మళ్లీ చదివాను. వలసల మీద అప్పటికి నేను చదివినవన్నీ పోయినవాడి గోసే. ఈ మాట ఎక్కడా లేదు. అసూయ కలిగింది నాకు. చదువురాని మనిషి మీద అసూయ పడ్డానని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. అప్పుడు మాత్రం, మాట బాగుంది, భాష బాగాలేదు అనుకున్నాను. ఎర్ర కలం గట్టిగా నొక్కి, ఆ మూడు వాక్యాలనూ ‘మా అవ్వ అన్నది’తో సహా కింద అక్షరం కనబడకుండా కొట్టేశాను. పైన ఖాళీలో నా చేత్తో ఇలా రాశాను: ‘వలస వెళ్లింది అతను కాదు. అతను బయలుదేరిన రోజు దగ్గరే నిలిచిపోయాడు. అతనికి దూరంగా తరలిపోయింది ఇల్లే.’

పిల్లను పిలిచి పుస్తకం ఇస్తూ “అవ్వలూ మేనత్తలూ ఆధారాలు కారమ్మా. పుస్తకం ఉంటే రాయి, లేకుంటే నీ మాటగా రాయి” అన్నాను.

“నా మాట గాదు గద సార్,” అన్నది.

“వ్యాసంలో రాస్తే నీదే అవుతుంది.”

ఆమె కాసేపు ఆ ఎర్ర అక్షరాల వంక చూసి, “సరే సార్” అని పోయింది. ఆ పాఠం నేను ఆమెకు చెప్పాను. ఇంకెవరో చెప్పలేదు.

తొంభైల్లో ఒకసారి పరిశోధన ఎలా చెయ్యాలో మాకు రెండు రోజులు తరగతులు పెట్టారు. పల్లెల్లో సేకరించిన మాటకు చెప్పినవారి వివరం, చోటు, తేదీ తప్పకుండా రాయాలని, అది లేకపోతే చౌర్యమని ఒక పెద్దాయన బోర్డు మీద రాసి చూపించాడు. అక్కడ కూర్చున్న లెక్చరర్లమంతా అదేదో కొత్త సంగతి అన్నట్టు రాసుకున్నాం. ఆ అమ్మాయి పంతొమ్మిదేళ్లకే, ఎవరూ చెప్పకుండా అదంతా చేసింది. నాకు ఆ రోజు మధ్యాహ్నం భోజనం సయించలేదు.

ఇక నేను చేసింది చెబుతాను. ఆ అమ్మాయి వ్యాసం దిద్దిన ఏడే, దసరా ప్రత్యేక సంచికకు వలసల మీద వ్యాసం కావాలని ఒక వారపత్రిక వాళ్లు అడిగారు. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న యావ నాకు బాగా ఉండేది. వారం రోజులు కూర్చున్నా కాగితం మీద గైడుల్లోని కరువే వచ్చింది. ఎనిమిదో రోజు ఆ మూడు వాక్యాలు రాశాను. అవి వచ్చాక మిగతా వ్యాసమంతా దానంతటదే కదిలింది. మొదట ‘ఒక గ్రామీణ స్త్రీ అన్నట్టు’ అని మొదలుపెట్టాను. రాసి చూసుకుంటే ‘అట’ లాగా కనబడింది. కొట్టేశాను. నేను చెప్పిన పాఠాన్ని నేనే పాటించాను. వాక్యం నాదే కదా, నా కలంతో నేనే కట్టింది కదా అని సర్దిచెప్పుకున్నాను. మాట వేరు, వాక్యం వేరు అని తెలుగు లెక్చరర్‌కు ఒకరు చెప్పాలా?

వ్యాసం వచ్చింది. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ ఆ మూడు వాక్యాలనే చదివి వినిపించుకున్నారు. “ఎట్ల తట్టిందయ్యా నీకు?” అని ఒకాయన అడిగితే, “ఏదో అలా వచ్చింది” అన్నాను.

ఆ శీతాకాలం విశ్వవిద్యాలయం వాళ్లు వ్యాసరచన పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చినవాళ్లకు ఎం.ఏ.లో సీటు, హాస్టల్, చదువు ఖర్చు అన్నీ వాళ్లవే. ఆ అమ్మాయి దరఖాస్తు పట్టుకుని సంతకానికి నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ ఒక్క వాక్యం దాటని పిల్ల ఆ రోజు చాలా మాట్లాడింది. “మా బాపు క్యాసెట్ పంపిండు సార్. నేను డిగ్రీల ఉన్నట్టు అవ్వ చెప్పి పంపితె, అది అయినంక చదువు బంద్ చేసి ఇంటికాడ ఉండుమన్నడు. అవ్వనేమో ఖర్చు లేకుంటె చదువుకో, బాపుకు నేను చెప్పుకుంట అంటుంది. గిది వస్తెనే సార్ నేను యూనివర్సిటీకి పోవుడు. రాకుంటె ఇంటికే.”

“ఏది రాస్తున్నావు?”

“దుబాయి వ్యాసమే సార్. మీరు దిద్దింది. మొత్తం బట్టీ కొట్టిన.”

ఆమె నా వ్యాసం చూడలేదు. హాస్టల్‌కు ఆ పత్రిక వచ్చేది కాదు. ఆ మూడు వాక్యాలు తీసెయ్యమని చెప్పడానికి నా నోట్లో మాట ఉంది. ఎందుకు సార్ అంటుంది. ఏమని చెప్పను? సంతకం పెట్టి “బాగా రాయి” అన్నాను. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను.

పట్టించుకున్నారు. పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకాయన దసరా సంచిక శ్రద్ధగా చదివే మనిషి. ఆమె వ్యాసాన్ని మొదటి స్థానంలో పెట్టబోతూ ఆ పేరా దగ్గర ఆగి, నా వ్యాసం కత్తిరించి జతచేసి, మా ప్రిన్సిపాల్‌కు పంపాడు. ‘మీ అధ్యాపకుని వాక్యాలను మీ విద్యార్థిని పేరు చెప్పకుండా వాడుకున్నది’ అని రాశాడు. ఆయన చేసిన పనిలో తప్పు లేదు. ఆ వ్యవహారం మొత్తంలో తన పని సక్రమంగా చేసింది ఆయన ఒక్కడే.

ప్రిన్సిపాల్ గదికి మమ్మల్ని ఇద్దరినీ పిలిచారు. ఆమె చేతికి నా వ్యాసం ఇచ్చారు. ఆమె నిలబడే చదివింది. ఆ మూడు వాక్యాల దగ్గర వేలు పెట్టి నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

“గిది మా అవ్వ మాట సార్,” అన్నది ప్రిన్సిపాల్‌తో.

“మీ అవ్వ ఏం చదువుకున్నది?”

“చదువుకోలే సార్. బీడీలు చేస్తది.”

“బీడీలు చేసే ఆమె గిట్ల మాట్లాడుతదా? ‘తరలిపోయింది ఇల్లే’ అంటదా?” తలుపు దగ్గరున్న అటెండరు నవ్వాడు. ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు.

అప్పుడామె సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. తన దగ్గర సాక్ష్యం ఉందని ఎంత ధీమాగా తీసిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. “ఇండ్ల ఉన్నది సార్. మా అవ్వ అన్నదని నేను రాసిన. సారే దిద్దిండు, సారుకు ఎర్కే.”

ప్రిన్సిపాల్ పుస్తకం తిప్పి ఆ పేజీ తీశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. కింద ఆమె రాసింది ఒక్క అక్షరం కూడా కనబడటం లేదు, అంత గట్టిగా కొట్టాను. పైన మూడు వాక్యాలు, ముత్యాల్లాంటి నా దస్తూరీలో.

“గీ చేతిరాత మీదే గద?” అని నన్నడిగాడు.

“నాదే సార్.”

“వాక్యాలు మీరు రాసినయే?”

“నేను రాసినవే.”

రెండూ నిజాలే. అబద్ధం ఆడలేదని ఆ రోజు రాత్రి నాకు నేను చెప్పుకున్నాను కూడా. మూడో ప్రశ్న ఒకటి ఉంది, ఆలోచన ఎవరిదని. అది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పుస్తకం మూసి ఆమె ముందు పడేస్తూ “నీ సాక్ష్యమే నిన్ను పట్టిచ్చింది గదమ్మా. ఇంకేం గావాలె?” అన్నాడాయన.

ఆ గదిలో నేను అప్పుడు అన్న మాట తలచుకుంటే నా మీద నాకు ఇవాళ్టికీ అసహ్యం వేస్తుంది. “చిన్నపిల్ల సార్. తెలియక చేసింది. నా మట్టుకు నాకు ఏమీ లేదు, వదిలేయండి” అన్నాను. ఊరుకున్నా ఇంత పాపం ఉండేది కాదు. ప్రిన్సిపాల్ నా పెద్దమనసును మెచ్చుకున్నాడు. కాలేజీ నుంచి తీసెయ్యాల్సిన పిల్లను నేను కాపాడానని స్టాఫ్ రూమంతా చెప్పుకున్నారు. చాలాకాలం ఆ పేరు నాకు ఉండిపోయింది.

పోటీలోంచి వ్యాసం తీసేశారు. ఆమెతో నన్ను ఉద్దేశించి క్షమాపణ పత్రం రాయించారు. స్టాఫ్ రూములో నా బల్ల పక్కన నిలబడి రాసింది. ఏడవలేదు. రాసి నా ముందు పెట్టింది. ‘క్షమాపన’ అని రాసింది. నా చెయ్యి దానంతటదే ఎర్ర కలం అందుకుని ‘ణ’ దిద్దింది. దిద్దాక గాని నేనేం చేశానో తెలియలేదు. ఆమె ఆ అక్షరం చూసి, కాగితం తీసుకుని, ప్రిన్సిపాల్ గదికి పోయింది. తర్వాత పరీక్షల దాకా క్లాసుకు వచ్చింది, వెనక బెంచీలో కూర్చుంది. నేను ఆమెను ప్రశ్న అడగలేదు.

పరీక్షలయ్యాక ఎండాకాలంలో ఒకరోజు పొద్దున, నేను పేపరు చదువుతుంటే గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. చేతిలో మామిడికాయల సంచి. లక్సెట్టిపేట నుంచి మొదటి బస్సుకు వచ్చానని, ఫలానా పిల్ల తల్లినని చెప్పింది. లోపలికి రమ్మన్నాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప దగ్గర కింద కూర్చుంది. వేళ్ల కొసలు పొగాకుతో నల్లబడి ఉన్నాయి. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“సారూ, మా పిల్ల మీ మాట దొంగతనం జేసిందట,” అన్నది. “అది నాకేం చెప్పలే. హాస్టల్ల ఉండే పిల్ల ఒకతి చెప్పింది. మీరు కాపాడిండ్రట గద. మీ పేరు చెప్పుకొని బతుకుతం సారూ.”

“అమ్మాయి ఏమంటుంది?” అని అడిగాను.

“ఏమంటది సారూ! గా మాట నువ్వన్నదే అవ్వా, నువ్వే అన్నవు అని నా మీదికి కొట్లాటకొస్తది. అన్నం తినది. నేనెక్కడంటి సారూ గంత మాట? సదువు రానిదాన్ని. అన్నట్టే యాదికుంటది గని, రేడియోలనో, ఎవలన్న సదువుతుంటెనో ఇన్న కావచ్చు. మీ అసొంటోళ్ల మాట నా చెవుల పడ్డది, నా నోట్లెకెల్లి వచ్చింది, పిల్ల నాదే అనుకొని రాసుకున్నది.” ఆమె పైటకొంగుతో మొహం తుడుచుకుంది. “తప్పు దానిది గాదు సారూ, నాది. బస్సుల దారంత గదే ఆలోచన చేసుకుంట వచ్చిన. మీ మాటను నాదని చెప్పుకున్న. మాఫ్ చేసిన్నని ఒక్క మాట అనుండ్రి, నేను పోయి పిల్లకు చెప్పుకుంట. జర మనసు తిర్గి మళ్ల సదువుకుంటదేమో.”

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు బతుకులో రాలేదు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. అమ్మా అది నీ మాటే అంటే చాలు. ఆమె ఆ మాట పట్టుకుని బస్సెక్కి పోయేది, కూతురు అన్నం తినేది. ఆమె ముందుకు వంగి నా మొహంలోకి చూస్తూ ఎదురుచూసింది.

“మాఫ్ చేశానమ్మా,” అన్నాను.

ఆమె లేచి నాకు రెండు చేతులూ జోడించింది.